ఆయి ఊరి కంచె

కరోనా మాట ఎత్తగానే మన క్లాసులో కూడా ఎవరో ఒకరు అంటారు: "పల్లెటూళ్ళలో ఎవరు పాటించారే? చదువు లేదు కదా!" నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో నేను ఉన్నది పల్లెటూళ్ళోనే.

మాది రాయగడ. నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు ఒడియా. నాన్నమ్మతో తెలుగు, అమ్మతో ఒడియా, దెబ్బలాట వస్తే రెండూ. అమ్మమ్మని 'ఆయి' అంటాను. ఆయి ఊరు కొరాపుట్ జిల్లాలో, దశమంతపూర్ వైపు కొండల్లో. 2020 మార్చిలో స్కూళ్ళు మూసేశారు, చైత పరబ్ పండగ కూడా కలిసొస్తుందని అమ్మా నేనూ అక్కడికెళ్ళాం. 25 నుంచి లాక్‌డౌన్. ఇంక రెండు నెలలు అక్కడే.

ఆ వారంలోనే ఊరి మొదట్లో వెదురు బొంగులు అడ్డం కట్టేశారు. పోలీసులు చెప్పలేదు, బీడీవో చెప్పలేదు. పెద్దలు చెట్టు కింద కూర్చుని అనుకున్నారు, అంతే. ఆయికి అందులో వింతేమీ కనబడలేదు. అమ్మవారు పోస్తే మనవైపు గుమ్మానికి వేపమండలు కట్టి పరాయివాళ్ళని రానివ్వరు కదా, అక్కడా అంతే. ఒడియాలో ఆ జబ్బునీ దేవతనీ కూడా 'ఠాకురాణీ' అనే అంటారు. పైగా 2007లో కాశీపూర్, దశమంతపూర్ వైపు కలరా వచ్చింది. నాకప్పటికి ఊహ తెలీదు. ఏ ఇంట్లో ఎవరు పోయారో ఆయి మాత్రం ఇప్పటికీ వేళ్ళ మీద లెక్క చెప్తుంది. అలాంటి ఊరికి జాగ్రత్త ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

కానీ అదే ఊరు మాస్కు పెట్టుకోలేదు. ఏప్రిల్ 9 నుంచి ఒడిశాలో గడప దాటితే ముక్కూ నోరూ కప్పుకోవాలి, లేకపోతే 200 రూపాయల ఫైను. మగవాళ్ళ మెడలో గమ్ఛా ఎలాగూ ఉంటుంది. జీపు చప్పుడు వినిపిస్తే అది పైకి వెళ్ళేది, జీపు వెళ్ళిపోతే కిందికి దిగేది. ఆయి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది గానీ అది కరోనాకి కాదు, తాతయ్య వాళ్ళ అన్నయ్య ఎదురైతే. ఎందుకు పెట్టుకోవని అడిగితే, "ఇక్కడందరం మనవాళ్ళమే కదే, ఎవరిని చూసి భయపడాలి?" అంది. జబ్బు కంచెకి అవతల ఉంటుంది, ఇవతల ఉండేది మనం. ఇదీ ఆవిడ లెక్క. ఆ రెండు నెలలూ ఆ లెక్క తప్పలేదు కూడా.

ఫోన్ చేస్తే ముందు దగ్గు వినిపించేది, గుర్తుందా? ఆ తర్వాత వచ్చే ఒడియా భువనేశ్వర్ ఒడియా. ఆయి ఊళ్ళో మాట్లాడేది దేశియా. మా రాయగడ వైపు నియమగిరి కొండల మీద డొంగ్రియా కొంధులది కువి భాష. 'సామాజిక దూరత' అన్న మాటకి ఆ ఊళ్ళో ముందునుంచీ ఒక అర్థం ఉంది: ఎవరి వీధి వాళ్ళది, ఎవరి నుయ్యి వాళ్ళది. అది బాగానే పాటిస్తారు మరి!

మేలో కేరళ, తమిళనాడు పనులకెళ్ళిన కుర్రాళ్ళు తిరిగొచ్చారు. అప్పటికే సర్పంచులకి వాళ్ళ పంచాయితీ వరకు కలెక్టర్ అధికారాలు ఇచ్చారు. 14 రోజులు క్వారంటైన్‌లో ఉంటే భోజనం పెట్టి 2,000 రూపాయలు ఇస్తామన్నారు. మా మేనమామ కొడుకూ స్కూలు బిల్డింగులో ఉన్నాడు. ఆయి చోడి అంబలి గేటు దగ్గర పెట్టి, దూరంగా నిలబడి, వాడు తాగేదాకా చూసి వచ్చేసేది. ఒక్కరోజు కూడా లోపలికి వెళ్ళలేదు. పని పోయినవాడికి తిండీ డబ్బూ చూపించి ఉండమంటే ఉంటాడు. ఉత్త చేతులతో ఇంట్లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు?

2021 మే వేరు. మేము రాయగడలో ఉన్నాం. డొంగ్రియా కొంధులకి కూడా కరోనా వచ్చిందని వార్తల్లో చెప్తున్నారు. ఆయి ఊళ్ళో కంచె ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. ఆయి తమ్ముడికి జ్వరం వచ్చింది, ఐదు రోజులు. టెస్టు చేయించలేదు.

దీని గురించే నేను ఎక్కువ ఆలోచించాను. ఇదే మనిషి మలేరియా టెస్టుకి ఎప్పుడూ వద్దనలేదు. 2017 నుంచి 'దమన్' అనే కార్యక్రమంలో కొండ ఊళ్ళకే వచ్చి రక్తం చూసి మందు ఇచ్చారు, దోమతెరలు కూడా పంచారు. 2016లో ఒడిశాలో నాలుగు లక్షలు దాటిన మలేరియా కేసులు 2019కి 40 వేల లోపుకి దిగాయి. ఆశా దీదీ వేలి మీద పొడిచి, అరుగు మీదే కూర్చుని ఫలితం చూసి, అక్కడికక్కడే మాత్ర వేసేది. కరోనా టెస్టు అలా కాదు. తేలితే మనిషిని బండెక్కించి తీసుకుపోతారు. బతికితే సరే, పోతే శవాన్ని కూడా ఇవ్వరని ఊరంతా చెప్పుకున్నారు. ఒక టెస్టు మందు తెస్తుంది, ఇంకోటి మనిషిని పట్టుకుపోతుంది. తాత ఇంట్లోనే ఉంటానన్నాడు. ఇంట్లోనే పోయాడు. ఊరంతా వచ్చింది. "మోసేవాళ్ళు లేకుండా పంపిస్తామా?" అన్నాడు ఫోన్లో మామయ్య. అది కరోనానో కాదో ఎవరికీ తెలీదు. లెక్కల్లో ఆయన ఉండడు. ఆ పదిరోజులూ అమ్మ ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడింది.

వాక్సిన్‌కి ఆయి ససేమిరా అంది. జూలై, చోళ్ళు నాటే టైము. జ్వరం వస్తే రెండు రోజుల పని పోతుంది, నాట్లు ఎవరు వేస్తారు? అమ్మ బతిమాలింది, నాన్న తన ఒడియాలో ఉపన్యాసం ఇచ్చాడు. లాభం లేదు. చివరికి ఆశా దీదీయే కదిలించింది. ఆవిడ అదే వీధి కోడలు. తను సూది వేయించుకుని, మర్నాడు పొద్దున్నే నడుం వంచి నాటుతుంటే ఆయి గట్టు మీద నుంచి చూసిందట. మధ్యాహ్నం దాకా చూసిందట. ఆ తర్వాత వారం తనే నడిచి వెళ్ళింది.

మామయ్య ఫోన్‌కి వచ్చిన మెసేజ్ ఇంగ్లీషులో ఉంది. అది నాకు పంపించి, చదివి చెప్పమన్నారు. నాకొచ్చిన దేశియాలో చెప్పాను. ఆయి అంతా విని, "సూది నొప్పి పోయింది గానీ నీ భాషకి నవ్వు ఆగట్లేదే" అంది.