చేపల్లేని తొట్టికి మేత

విజయవాడలో ఓ ఇల్లు. పుట్టినరోజుకి అక్వేరియం కావాలంది ఎనిమిదేళ్ల పాప. ఆదివారం పొద్దున తండ్రి రెండడుగుల అద్దాల తొట్టీ, ఫిల్టరూ, ఐదు గోల్డ్‌ఫిష్‌లూ తెచ్చాడు. మధ్యాహ్నానికల్లా చేపలు నీళ్లలో ఉన్నాయి. వారం తిరక్కుండా ఐదూ చచ్చిపోయాయి. నీళ్లు మాత్రం తళతళలాడుతూనే ఉన్నాయి.

‘నేను మేత సరిగ్గా వేయలేదా నాన్నా?’ అంది పాప. ఆయన దగ్గర జవాబు లేదు.

రెండోసారి వెళ్తే వేరే దుకాణంలో పెద్దాయన చేపలివ్వనన్నాడు. ‘తొట్టి ఇంకా పచ్చిది సార్’ అన్నాడు. అమ్మేవాళ్లు అన్నీ చెబుతారు, ఈ ఒక్కమాట తప్ప. ఆయన చెప్పాడు.

చేపల మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. మిగిలిన మేత కుళ్లినా వస్తుంది. అది విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే, చేప రక్తానికి ఆక్సిజన్ అందనివ్వదు. నైట్రోస్పైరా అనే మరో రకం వచ్చి దాన్ని నైట్రేట్‌ చేస్తే గండం గడిచినట్టే. దాని ముప్పు తక్కువ, అప్పుడప్పుడూ కొన్ని నీళ్లు మారిస్తే చాలు. ఈ రెండు రకాలూ ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెట్టడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

అందుకని ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత. ‘చేపల్లేని తొట్టికి మేతేమిట్రా!’ అని నాయనమ్మ నవ్వింది. ఆదివారాలు తండ్రీకూతుళ్లు గాజుగొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి చూసేవారు. పసుపు ఆకుపచ్చైతే అమ్మోనియా ఉన్నట్టు. పాప క్యాలెండర్ వెనక రాసుకునేది.

నాలుగోవారంలో అమ్మోనియా తగ్గింది. ఆ సంబరంలో తండ్రి, మురికిగా ఉందని స్పాంజిని కుళాయి కింద శుభ్రంగా ఉతికేశాడు. ఆ గోధుమరంగు జిగురే అసలు సరుకు! కుళాయి నీళ్లలోని క్లోరిన్ మిగిలిందాన్నీ చంపేసింది. స్పాంజిని తొట్టి నీళ్లలోనే మెల్లగా పిండాలి. పాప రెండురోజులు మాట్లాడలేదు.

పెద్దాయన తన తొట్టిలోని పాత స్పాంజి ముక్క కోసిచ్చాడు. అది చూసి నాయనమ్మ, ‘ఓస్, పాలలో తోడేయడమేగా!’ అంది. అంతే మరి.

ఈసారి క్లోరిన్ విరుగుడు కలిపాకే నీళ్లు పోశారు. మూడు ఆదివారాల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. రెండే చేపలు తెచ్చారు. కవర్ని పావుగంట నీళ్లలో తేలనిచ్చి వదిలారు. నాయనమ్మ మురిసిపోతూ గుప్పెడు మేత వేయబోతే, పాప చెయ్యి పట్టుకుని ఆపింది.