అక్క పొదిలో కొత్త సామాను

“నువ్వు డాక్టరువి కదే, ఇది చదివి చెప్పు” అంటూ మా అక్క నా ముందు నాలుగు కాగితాలు పడేసింది. నాది తెలుగు సాహిత్యంలో పిహెచ్.డి. ఆ కాగితాల్లో ఉన్నది రసాయనాల జాబితా. జెల్ పాలిష్ అమ్మే ఏజెంటు ఇచ్చి వెళ్ళాడట.

అక్క మా పెద్దమ్మ కూతురు. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు కింద చిన్న గది అద్దెకు తీసుకుని నాలుగేళ్ళుగా గోళ్ళ షాపు నడుపుతోంది. బోర్డు మీద ‘నెయిల్ స్టూడియో’ అని ఉంటుంది గానీ ఇంట్లో మేమందరం గోళ్ళ షాపనే అంటాం. రెండు కుర్చీలు, ఒక బల్ల, కాళ్ళు నానబెట్టే టబ్బు, గోడనిండా రంగు సీసాలు. సాయానికి ఒక అమ్మాయి. ఇన్నాళ్ళూ మానిక్యూర్, పెడిక్యూర్, మామూలు పాలిష్‌తోనే నెట్టుకొచ్చింది. ఈమధ్య వచ్చేవాళ్ళలో సగంమంది తలుపు దగ్గరే నిలబడి “జెల్ చేస్తారా?” అని అడిగి, లేదంటే అటునుంచి అటే వెళ్ళిపోతున్నారు. మామూలు పాలిష్ నాలుగు రోజుల్లో పెచ్చులూడుతుంది. జెల్ రెండు మూడు వారాలు చెక్కుచెదరదు. పాలిష్‌కి అక్క 200 తీసుకుంటుంది. వీధి చివరి షాపులో జెల్‌కి 900.

ల్యాంపు, రంగులు, ఆ అమ్మాయికి శిక్షణ అన్నీ కలిపి 50 వేలవుతుందట. అందులో సగం నన్ను సర్దమంది. నేను గంటల లెక్కన జీతం వచ్చే గెస్ట్ లెక్చరర్‌ని. సెలవుల్లో అదీ ఉండదు. 25 వేలంటే నాకు రెండుసార్లు లెక్కపెట్టుకోవాల్సిన డబ్బు. అమ్మకు ఫోన్ చేసి చెప్తే “అంత చదువు చదివి మళ్ళీ గోళ్ళ దగ్గరికేనా?” అని పెట్టేసింది.

అమ్మ ఆ మాట ఎందుకందో చెప్పాలి. మేం మంగలివాళ్ళం. తెనాలి దగ్గర పల్లెటూరు. మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్ళో ఎంతమందికి బొడ్డు కోసిందో ఆమెకే లెక్క లేదు. పెళ్ళికూతుర్ని చేసే రోజు పొది పట్టుకుని వెళ్ళి గోళ్ళు తీసి, కాళ్ళకు పారాణి పెట్టేది. పెళ్ళికూతురి పాదం అమ్మమ్మ ఒళ్ళో ఉండేది. అమ్మమ్మ మాత్రం ఆ ఇంటి వంటగది గడప దాటకూడదు. గోళ్ళు తీయించుకున్నవాళ్ళకు స్నానం చేసేదాకే మైల. తీసినవాళ్ళ మైల ఎన్ని స్నానాలకూ పోయేది కాదు. పనికి ప్రతిఫలం చేటలో బియ్యం, కొబ్బరికాయ, ఒక రవికగుడ్డ. రూపాయలు అడిగితే పెళ్ళి ఖర్చులు తేలాక చూద్దామనేవారు. అవి ఎప్పుడూ తేలేవి కావు. ఆ పొది నుంచి ఎంత దూరం తీసుకెళ్ళగలదో అంత దూరం అమ్మ నన్ను తీసుకెళ్ళింది.

నా సిద్ధాంత గ్రంథం స్త్రీల కవిత్వంలో శరీరం గురించి. 1993 నాటి ‘నీలి మేఘాలు’ సంకలనం దగ్గర మొదలుపెట్టి తర్వాతి కవయిత్రుల దాకా వచ్చాను. అలంకరణ ఎవరికోసం, అందం ఎవరి కొలత అనే ప్రశ్నలకు ఒక అధ్యాయమంతా ఇచ్చాను. ఇప్పుడు తిరగేస్తే అందులో ఉన్నదంతా అలంకరించుకునే శరీరమే. అలంకరించే చేతులు ఒక్క ఫుట్‌నోట్‌లో కూడా లేవు. రాసిందేమో మంత్రసాని మనవరాలు. న్యూయార్క్‌లో కొరియన్లు నడిపే గోళ్ళ సెలూన్ల మీద మిలియాన్ కాంగ్ 2010లో తెచ్చిన ‘ది మేనేజ్డ్ హ్యాండ్’ అప్పట్లోనే చదివాను. చెయ్యి చాచిన స్త్రీకీ ఆ చేతిని పట్టుకున్న స్త్రీకీ మధ్య జాతి, వలస, వర్గం ఎలా వచ్చి కూర్చుంటాయో చెప్పే పుస్తకం. పేజీ అంచున ‘మరి కులం?’ అని పెన్సిల్‌తో రాసుకున్నాను. పుస్తకం లైబ్రరీలో తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ప్రశ్న చెరిపేసి ఇచ్చాను.

అక్కకి ఇంకో కథ చెప్పాను. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలోని ఒక శరణార్థి శిబిరానికి టిప్పీ హెడ్రెన్ అనే హాలీవుడ్ నటి సాయం చేయడానికి వెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళు ఆమె గోళ్ళు చూసి ముచ్చటపడ్డారు. ఆమె తన మానిక్యూరిస్టును రప్పించి 20 మందికి పని నేర్పించింది. ఈనాడు అమెరికాలో గోళ్ళ వ్యాపారంలో పెద్ద భాగం వియత్నాం నుంచి వెళ్ళినవాళ్ళదే. అక్క విని “అయితే యాభై ఏళ్ళలో వాళ్ళకదే కులవృత్తి అయిపోయిందన్నమాట” అంది. నా అధ్యాయంలో ఉండాల్సిన వాక్యం అది.

కాగితాలు చదవడానికి రెండు వారాలు పట్టింది. జెల్ మామూలు పాలిష్‌లా గాలికి ఆరదు. ల్యాంపులోని అతినీలలోహిత కాంతి తగిలితే అందులోని ఎక్రిలేట్ అణువులు గొలుసుల్లా అల్లుకుని గట్టిపడతాయి. పూత మందమైనా, ల్యాంపు ఆ జెల్‌కి సరిపడకపోయినా లోపల కొంత పచ్చిగా మిగిలిపోతుంది. ఆ పచ్చి జెల్ పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు. వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పంటి ఫిల్లింగుల్లో, ఎముకలు అతికే సిమెంటులో ఉండేవి కూడా ఈ కుటుంబపు రసాయనాలే కాబట్టి అది గోళ్ళతో పోయే సమస్య కాదు.

జాబితాలో హెమా, టీపీఓ అనే రెండు పేర్ల దగ్గర ఆగాను. ఎలర్జీలకు ఎక్కువగా కారణమయ్యే హెమాను గోళ్ళకు వాడాలంటే పని నేర్చినవాళ్ళే వాడాలని, డబ్బా మీద హెచ్చరిక ఉండాలని యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి నియమం ఉంది. జెల్‌ని గట్టిపరిచే టీపీఓను జంతువుల మీది పరీక్షల ఆధారంగా సంతానోత్పత్తికి హాని చేసేదిగా వర్గీకరించి 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో అక్కడ నిషేధించారు. ఏజెంటు ఇచ్చిన కాగితాల్లో రెండూ ఉన్నాయి. ల్యాంపుల సంగతి కూడా చూశాను. ఈ ల్యాంపుల కాంతి కణాల్లోని డీఎన్ఏను దెబ్బతీస్తోందని శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023 జనవరిలో ప్రచురించారు. అది గాజుపాత్రల్లో పెంచిన కణాల మీద చేసిన పని. మనుషులకు కేన్సర్ వస్తుందని అది తేల్చలేదు.

చదువుతున్నకొద్దీ ఒక సంగతి కళ్ళకు కట్టింది. ఈ జాగ్రత్తల్లో చాలావరకు చేయించుకునేవాళ్ళ కోసం రాసినవే. ఆమె మూడు వారాలకొకసారి వస్తుంది. చేసే మనిషి రోజుకు ఆరుగురి చేతులు పట్టుకుంటుంది. ‘పని నేర్చినవాళ్ళే వాడాలి’ అనే నియమంతో ఇళ్ళలో వాడేవాళ్ళకు రక్షణ దొరికింది, పని నేర్చినవాళ్ళ వేళ్ళకు దొరకలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు రెండు పేజీల ‘వద్దు’ రాసుకుని వెళ్ళాను. అక్కకు చదివి వినిపిస్తుంటే ఆ అమ్మాయి తువ్వాళ్ళు మడతపెడుతూ వింటోంది. నల్గొండ వైపు పిల్ల. రెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తోంది.

“మీరిద్దరే మాట్లాడుకుంటున్రు మేడం. చేసేది నేను గదా. నన్నొక్క మాట అడిగిన్రా?” అంది.

అడగలేదు. ఇద్దరం తలదించుకున్నాం.

“జెల్ రానోళ్ళకు యాడ పనిస్తలేరు. గిది వస్తె యాడైనా బతుకుత. ఒక్కోదానికి నాకు వంద ఇస్తనంది అక్క. మా తమ్ముని ఫీజు కట్టాలె.”

ఆమె మాటకు నా దగ్గర జవాబు లేక కాగితంలో మిగిలింది చదివాను. వేళ్ళ చివర్లు పొడిబారి పగలడం, గోటి చుట్టూ దురద, ఒక్కోసారి కనురెప్పలు వాయడం.

“కండ్లు గూడ వాస్తయా?” అంది ఆ అమ్మాయి. అడిగిన తీరు చూసి అక్క లేచి నిలబడింది.

మెల్లగా బయటికొచ్చింది. ఇక్కడికి రాకముందు ఒక పెద్ద సెలూన్‌లో ఏడు నెలలు జెల్ చేసింది. గ్లవ్స్ లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు, అవీ వారానికొక జత. వేళ్ళు పగిలాయి. కళ్ళు వాస్తే పౌడరు పడలేదనుకుంది. పని మానేశాక తగ్గింది. “మరి జెల్ రాదని ఎందుకు చెప్పావే?” అంది అక్క. “వచ్చంటె అదే పని పెడ్తరని.” “ఇప్పుడు మళ్ళీ చేస్తానంటున్నావుగా?” “అప్పుడు తమ్ముడు ఇంటర్. ఇప్పుడు ఇంజనీరింగ్.”

రెండేళ్ళు నా చేతిని ఆ పిల్ల చేతిలో పెట్టి కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాను. ఆమె వేళ్ళు ఒక్కసారి కూడా చూడలేదు.

చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ప్యాచ్ టెస్ట్ అని వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి రెండు రోజులు తడవకుండా ఉంచమన్నారు. తీసి చూసి, ఇంకో రెండు రోజులాగి మళ్ళీ చూశారు. హెమా పట్టీ ఉన్నచోట ఎర్రగా పొంగింది. జెల్ ముట్టుకోవద్దు, పళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా ఈ సంగతి చెప్పాలి అన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ అమ్మాయి ఏడ్చింది. “ఇగ నాకు ఏ షాపుల పనిస్తరు మేడం?” అంది. నేను రెండు పేజీల్లో రాసుకెళ్ళిన మాటే డాక్టరూ చెప్పారు. నాకది వాదన. ఆమెకు మూసుకున్న తలుపు.

జెల్ మాట ఇక ఎత్తదనుకున్నాను అక్క. వారం తర్వాత ఫోన్ చేసి “నేనే నేర్చుకుంటాను. ఆ పిల్ల మిగతా పని చూసుకుంటుంది” అంది. అద్దె పెరిగింది, జెల్ లేకుండా ఏడాది కూడా నడవదని లెక్క చెప్పింది. ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాను. 25 వేలు ఇస్తాను గానీ షరతులున్నాయన్నాను. “థీసిస్ రాస్తావా ఏంటి?” అని నవ్వి నోటు పుస్తకం తీసింది.

హెమా, టీపీఓ లేని జెల్ మాత్రమే కొనాలి. హెమా లేనంత మాత్రాన ఎలర్జీ రాదని కాదు, దాని బదులు దాని చుట్టమేదో ఉంటుంది. అందుకే ప్రతి మనిషికీ కొత్త నైట్రైల్ గ్లవ్స్, జెల్ అంటితే వెంటనే మార్చడం. పలచటి గ్లవ్స్‌లోంచి కూడా ఎక్రిలేట్లు లోపలికి దిగుతాయి. ల్యాంపు అదే కంపెనీది. పొడవు గోళ్ళు అతికించే పని, మెషిన్‌తో అరగదీసే పని వద్దు, దాని దుమ్ము గదంతా పరుచుకుంటుంది. రోజుకు నలుగురికే. జెల్ బల్ల వేరు, దాన్ని తుడిచేది అక్కే. గ్లవ్స్ ఖర్చు ధరలోనే కలపాలి. ఎసిటోన్‌లో నానబెట్టి తీసే పనికి విడిగా డబ్బు తీసుకోవాలి, ఊరికే చేయకూడదు. ఆ అమ్మాయికి జీతం నెలకు 2,000 పెంచాలన్నాను. బేరమాడి 1,500 దగ్గర ఆగింది అక్క.

ఇది న్యాయమైన పరిష్కారమని రాయడానికి చెయ్యి రావడం లేదు. ప్రమాదాన్ని ఒకామె వేళ్ళ మీంచి తీసి ఇంకొకామె వేళ్ళ మీద పెట్టాం. అక్క చేతికి దానితోపాటు లాభం కూడా వస్తుంది, నిర్ణయం ఆమెదే. అంతవరకే తేడా. ఆ అమ్మాయి రేపు ఇక్కడ మానేస్తే ఎక్కడికి వెళ్తుందో నా షరతుల్లో లేదు. పదిమందికి తక్కువ పనిచేసే చోట ఇ.ఎస్.ఐ. తప్పనిసరి కాదు. ఇద్దరు స్త్రీలు నడుపుకునే గది ఏ లెక్కలోకీ రాదు. అద్దాల తలుపు, ఏసీ, ఇంగ్లీషు బోర్డు వచ్చాక ఈ పనికి పెట్టుబడి పెట్టేవాళ్ళు అన్ని కులాల నుంచీ వచ్చారు. పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు ఎవరో మన సాహిత్యంలో ఇంకా వెతకాల్సే ఉంది. ఆ అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను.

శిక్షణ అయ్యాక అక్క మొదట నా గోళ్ళ మీదే చెయ్యి తిప్పుకుంది. ఆ రోజుకి అమ్మ కూడా ఊరినుంచి వచ్చి ఉంది. రానన్నది వచ్చి, మాట్లాడకుండా మూల కుర్చీలో కూర్చుంది. అక్క మధ్యలో ఒకసారి గ్లవ్స్ విప్పి పారేసి కొత్తవి తొడుక్కుంటే తలెత్తి చూసింది. అమ్మమ్మ అన్ని కాన్పులూ వట్టి చేతులతోనే చేసిందని ముగ్గురికీ తెలుసు. ఎవరం అనలేదు.

ల్యాంపు ఆరాక అమ్మ లేచి వచ్చి నా గోళ్ళు వేలితో తడిమి చూసింది.

“దీనికెంత తీసుకుంటావే?” అని అక్కని అడిగింది.

“ఎనిమిదొందల యాభై అనుకుంటున్నా పిన్నీ.”

“చెయ్యి ముట్టుకోకముందే తీసుకో” అంది అమ్మ.