అడగకుండా తెచ్చిన తీగ

మనీప్లాంటు అడిగి తెచ్చుకుంటే కలిసిరాదట. పక్కింటి గోడ మీది నుంచి గుట్టుగా తుంచుకొస్తేనే ఇంట్లో డబ్బు నిలుస్తుందట! ఆ కంగారులో చాలామంది ఒట్టి ఆకును తెంపుకొస్తారు. నీళ్ల సీసాలో అది ఎంతకాలం పచ్చగా ఉన్నా తీగ మాత్రం సాగదు. చిగురు పుట్టేది కణుపు దగ్గరే. కణుపుకు కాస్త కింద కోసి, అది మునిగేలా పెడితే కొద్ది వారాల్లో వేళ్లు దిగుతాయి. వారానికోసారి సీసా లోపల రుద్ది కడిగి నీళ్లు మార్చాలి. లేదంటే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.

కుండీలోకి మార్చాక వచ్చే చిక్కు వేరు. పొద్దున అత్తగారు నీళ్లు పోస్తారు. అది తెలియక సాయంత్రం కోడలు పోస్తుంది. ఆకులు పసుపు రంగుకు తిరిగితే దాహమేమోనని ఇంకో చెంబుడు! అప్పటికే మట్టిలో గాలాడక వేళ్లు కుళ్లుతుంటాయి. మట్టిలో వేలు గుచ్చి, అంగుళం లోతున పొడిగా తగిలితేనే పోయాలి. ఎండ నేరుగా పడని కిటికీ పక్క చాలు.

పాకే పిల్లలుంటే తీగను కిందికి వేలాడనివ్వకూడదు. ఆకు నమిలితే అందులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకుని నోరు, నాలుక మండి వాస్తాయి. చేతికందే తీగను కణుపులతో సహా కత్తిరించి గోడ మీద పెడితే సరి. పక్కింటివాళ్లకూ అడగకుండా పట్టుకెళ్లే వీలుండాలిగా!