నూరు కోళ్ళ మందు

మీ దొడ్డిలో నాలుగు నాటుకోళ్ళున్నచో ఈ మాట మీకే. 2019లో మాకు తొమ్మిది ఉండెను. వేసవికి ముందే టీకా వేయించుమని పశువుల డాక్టరుగారు చెప్పిరి. సీసా నూరు కోళ్ళకు సరిపోవును. తొమ్మిదింటికై అంత మందెందుకని మానుకొంటిని. పొరుగువారిని కలుపుకొనవచ్చును గాని, మా కోళ్ళు వారి వడ్లు తిన్నవని మాకు మాటలు లేవు.

కొక్కెర తెగులు వచ్చెను. రాణిఖేత్ అనునదియు ఇదే. ఆకుపచ్చని రెట్ట, నోరు తెరచి రొప్పుట, మెడ మెలిక తిరుగుట. తెగులు పట్టినదానిని టీకా బ్రదికించదు. ఇంకను సిగ్గైన మాట చెప్పెదను. చావకముందే నాలుగు రూపాయలు రావలెనని, కునుకుచున్న రెండు పెట్టలను సంతలో అమ్మితిని. కొన్నది ఒక ముసలమ్మ. గుడ్లకొరకని సంతోషముగా చెప్పినది కూడ.

మరుసటి యేడు ఇంటింటికి పోయి నేనే అడిగితిని, ఆ పొరుగింటికే మొదట. ఇప్పుడు పదునొకండు ఇండ్లవారము కలిసి మందును మంచుగడ్డలలో పెట్టి తెచ్చుకొందుము. కలిపిన మందు ఎక్కువసేపు నిలువదు. గనుక తెల్లవారుజామున గంపలెత్తక మునుపే మొదలిడుదుము. వారము పిల్లకు కంటిలో చుక్క, ఎనిమిది వారములకు రెక్క క్రింద సూది. చచ్చినదానిని సున్నము చల్లి లోతుగా పాతుదుము.

ఆ ముసలమ్మ కొరకు ప్రతి సంతలోను చూచుచున్నాను. మరల కనబడలేదు.