బొటనవేలు ఎత్తాను

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో నెమో రీఫ్ దగ్గర కొత్తవాళ్లను ఒడ్డు నుంచే చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిపిస్తారు. డిక్సన్స్ పినకిల్ అలాంటి చోటు కాదు. పడవ మీద చాలా దూరం వెళ్లాలి. సముద్రంలో పూర్తిగా మునిగి ఉన్న రాతి శిఖరాలవి. వాటి తలే 16, 18 మీటర్ల లోతున ఉంటుంది. పాదం 30 దగ్గర. మొదటి కోర్సు చేసినవాళ్లకు 18 మీటర్ల వరకే అనుమతి. అందుకని నేనూ మా తమ్ముడూ అడ్వాన్స్‌డ్ కోర్సు కూడా పూర్తి చేశాం. ఇక 30 మీటర్ల దాకా దిగొచ్చని కార్డు ఇచ్చారు.

ముందు రోజు సాయంత్రం డైవ్ మాస్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి ప్లాన్ రాయించాడు. అతను కరెన్ జాతి కుర్రాడు. 1925లో బర్మా నుంచి వచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపడ్డవాళ్ల వంశం. డిక్సన్, జానీ, జాక్సన్ అని ఇక్కడి డైవింగ్ చోట్లకున్న పేర్లు ఆ కరెన్ డైవర్లవేనట. ముందుగా తిథి చూశాడు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, నీళ్ల లాగుడూ ఎక్కువ. మేం వెళ్లేది పౌర్ణమి దాటిన కొన్ని రోజులకు, నీరు కాస్త నిలకడగా ఉండే పూట.

తర్వాత గాలి లెక్క. లోతు 24 మీటర్లు, అంతకు మించి లేదు. సిలిండర్‌లో 200 బార్. ఎవరికి ముందుగా 100 వచ్చినా అందరం వెనక్కి తిరగాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. పైకి తేలేసరికి 50 మిగలాలి. 24 మీటర్ల లోతులో పీడనం ఒడ్డున ఉన్నదానికి 3.4 రెట్లు. ఒక్కో ఊపిరికి గాలి కూడా అన్ని రెట్లు ఖర్చవుతుంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. లెక్క సరిపోయేసరికి నాకు ధైర్యం వచ్చేసింది.

చివర్లో అతను ఇంకో మాట చెప్పాడు. ఎవరైనా, ఏ కారణానికైనా, బొటనవేలు పైకెత్తితే డైవ్ ముగిసినట్టే. నీళ్లలో ఆ సైగకు పైకి పోదాం అనే అర్థం. ఎందుకని ఎవరూ అడగకూడదు. నేను తలూపాను. ఆ మాట నాకోసం కాదనుకున్నాను.

పొద్దున పడవ నడిపినాయన శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబంవాడు. మాది విశాఖపట్నం అని తెలిశాక దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. పడవలో మాతోపాటు ఇంకో జంట ఉంది. మాకు వాళ్లు పరిచయం లేదు. అక్కడికి చేరాక నేనూ తమ్ముడూ ఒకరి సామాను ఒకరం చూసుకున్నాం. జాకెట్టులో గాలి, సీసం బెల్టు, బకిల్స్, సిలిండర్ వాల్వు. అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ తర్వాత జరిగినదానికి సామాను కారణం కాదు.

లంగరు తాడు పట్టుకుని దిగాం. చెవులు ఒకసారి పట్టేసి వదిలాయి. శిఖరం కనబడగానే భయమంతా పోయింది. ఊదారంగు మెత్తటి పగడాలు, వాటి మీద మేఘంలా చిన్న చేపలు. మంచి నిమిషాలే అవి. తక్కువే.

రాయి మలుపు తిరిగేసరికి ప్రవాహం ఎదురొచ్చింది. అప్పుడు 22 మీటర్ల దగ్గర ఉన్నాం. ఎంత తన్నినా పక్కనున్న పగడం పక్కనే ఉంది. గట్టిగా తన్నాను. ఊపిరి పొట్టిగా, వేగంగా అయిపోయింది. కాసేపటికి గాలి అందడం లేదనిపించింది. గాలి మీటరు చూశాను. 120 ఉంది. గాలి ఉందని కళ్లకు తెలుస్తోంది, ఛాతీ ఒప్పుకోవడం లేదు. తర్వాత వివరించారు. పొట్టి ఊపిరితో లోపలి కార్బన్ డయాక్సైడ్ సరిగా బయటికి పోదు. అది పేరుకున్నకొద్దీ ఇంకా గాలి కావాలనిపిస్తుంది. ఆ సమయంలో చేయాల్సింది తన్నడం ఆపి, ఊపిరి నిదానంగా పూర్తిగా వదలడం. ఇది నేను కోర్సులో చదివాను, పరీక్షలో రాశాను కూడా. అప్పుడు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

నోటికి గాలి అందించే రెగ్యులేటర్ పీకి పారేయాలనిపించింది. పైకి ఒక్కసారిగా దూసుకుపోవాలనిపించింది. ఊపిరి బిగబట్టి అంత లోతు నుంచి అలా లేస్తే ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అదీ చదివినదే. తమ్ముడు ఎక్కడున్నాడో చూడలేదు. నీళ్లలో వాణ్ని కనిపెట్టుకుని ఉండాల్సిన బడ్డీని నేను. వాడు ఉన్నాడన్న సంగతే మర్చిపోయాను. ఈ మాట వాడికి చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అంత భయంలోనూ బొటనవేలు ఎత్తడానికి సిగ్గేసింది. ఆ జంట కూడా డబ్బు కట్టి వచ్చినవాళ్లే. నా వల్ల వాళ్ల డైవ్ పాడవుతుంది. ఇంకొంచెం ఓర్చుకుందామనుకున్నాను. ఆ ఇంకొంచెంలో మీటరు 90కి వచ్చింది. అప్పుడు ఎత్తాను.

డైవ్ మాస్టర్ అప్పటికే నా వైపు వస్తున్నాడు. జాకెట్టు పట్టీ పట్టుకుని తన మాస్కు నా మాస్కుకు దగ్గరగా పెట్టాడు. అరచేతిని నోటి దగ్గర నుంచి ముందుకు చాపాడు. వదులు, అని. నేను వదిలేదాకా అదే సైగ చేశాడు. పైకి వెళ్తున్నప్పుడు నా జాకెట్టులో గాలి కూడా తనే తీశాడు. నా చేతులు ఆ పని చేసే స్థితిలో లేవు. 5 మీటర్ల దగ్గర నా మీటరు 50 దాటి కిందికి పోతోంది. తన రెండో రెగ్యులేటర్ నా నోటికిచ్చాడు. ఆ 3 నిమిషాలూ అతని సిలిండర్ గాలి పీల్చాను. తమ్ముడు ఎదురుగా ఉండి నన్నే చూస్తున్నాడు.

పడవలో వాంతి చేసుకున్నాను. ఆ జంటలో ఆమె నా జుట్టు వెనక్కి పట్టుకుంది. ఏమీ అడగలేదు. ఆమె భర్త నా కాళ్ల నుంచి ఫిన్స్ తీశాడు. పడవాయన బ్లాక్ టీ పోసిచ్చి, "ఏటి కాదమ్మా, ఉప్పునీరెల్లిపోనాది, అంతే" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. రెండో డైవ్‌కి వాళ్లంతా దిగారు. నేను దిగలేదు.

రాత్రి ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. లోతు నుంచి వేగంగా పైకొస్తే వచ్చే డీకంప్రెషన్ జబ్బేమో అనుకున్నాను. లేపి చెప్పడానికి మళ్లీ మొహమాటం. ఈసారి ఆగలేదు, తమ్ముణ్ని లేపాను. డైవ్ మాస్టర్ వచ్చాడు. నా డైవ్ కంప్యూటర్‌లో లోతు, పైకొచ్చిన వేగం చూశాడు. గీత మీద నడిపించాడు. వేళ్లలో తిమ్మిరి ఉందా, దద్దురు వచ్చిందా అని అడిగాడు. ఆక్సిజన్ సెంటర్‌లోనే ఉందని, కావాలంటే ఇప్పుడే పెడతానని, డైవింగ్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడిస్తానని చెప్పాడు. మాట్లాడించాడు. తాడును గట్టిగా పట్టుకున్నందుకు పట్టేసిన కండరం అని తేలింది. అయినా తెల్లవారేలోపు మళ్లీ వచ్చి చూసి వెళ్లాడు. అలా రావాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

విమానం టికెట్ మార్చుకున్నాం. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలంటారు. మేం పూర్తిగా ఒక రోజు పైనే ఆగాం. ఆ ఖాళీలో నేను మోకాళ్ల లోతు నీళ్లలో కూర్చున్నాను. మాస్కు పెట్టుకుని మొహం ముంచాను. మొదట్లో ఊపిరి అలాగే పొట్టిగా వచ్చింది. తర్వాత కుదుటపడింది.

ఇప్పటికీ కొన్ని రాత్రులు ఛాతీ బిగిసి లేస్తాను. వచ్చే సీజన్‌కి వెళ్దామా అని తమ్ముడే అడిగాడు. డైవ్ మాస్టర్‌కి రాశాను. 15 మీటర్లు దాటొద్దు. పౌర్ణమి, అమావాస్య రోజులు వద్దు. దిగేది, ఎక్కేది తాడు పట్టుకునే. నాతో నువ్వే ఉండాలి, మా తమ్ముడికి వేరే బడ్డీని చూడు. అతను సరేనని, నా బరువెంతో, కిందటిసారి బెల్టులో ఎన్ని కిలోల సీసం కట్టానో రాయమన్నాడు.