ఊపిరి మోసే ఇసుక

స్వీడన్ పశ్చిమ తీరాన గోథెన్‌బర్గ్ నగరం ఉంది. 1621లో పుట్టిన రేవు పట్టణమది. ఊరి నడుమ కాలువలు, వీధుల్లో ట్రాములు... పర్యటకులకు అవే ముచ్చట. ట్రాములో కాస్త ఎత్తుకు వెళితే చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం వస్తుంది. స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు విలియం చాల్మర్స్ రాసిచ్చిన ఆస్తితో 1829లో మొదలైంది. ఇక్కడ చూడాల్సిన వింత మాత్రం పిడికెడు ఇసుకే!

ఇంధనం మండితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దాన్ని గాల్లోకి వదలకుండా పట్టి భూగర్భంలో దాచొచ్చు. కానీ పొగలో ఎక్కువ భాగం గాలి నుంచి వచ్చిన నత్రజనే. రెంటినీ విడదీయడానికి బోలెడు శక్తి కావాలి. మరి ఇంధనానికి గాలే తగలకుండా మండిస్తే?

అందుకు రెండు గదులు కావాలి. మొదటి గదిలో సలసల కాగే లోహపు రేణువులు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. రెండో గదికెళ్లి దాన్ని ఇంధనానికిచ్చి, మళ్లీ వెనక్కొస్తాయి. అచ్చం కావడితో నీళ్లు మోసేవాడిలా! అక్కడ మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. ఆవిరిని చల్లారిస్తే నీరవుతుంది. ఈ పద్ధతికి 1987లో జపాన్ శాస్త్రవేత్త మసారు ఇషిడా బృందం పెట్టిన పేరు 'కెమికల్ లూపింగ్ కంబశ్చన్'.

కథంతా ఆ రేణువుదే. చురుగ్గా పనిచేయాలి, వేడికి ముద్దకట్టకూడదు, రాపిడికి పిండి కాకూడదు. 2003లో చాల్మర్స్‌లో ఆండర్స్ లింగ్‌ఫెల్ట్ బృందం పది కిలోవాట్ల యంత్రాన్ని నికెల్ రేణువులతో వంద గంటలు నడిపించింది. నికెల్ భేషుగ్గా పనిచేసింది. అయితే అది ఖరీదైనది, పైగా విషపూరితం. బొగ్గో, చెక్కో మండిస్తే బూడిదతోపాటు రేణువులూ కొంత పోతుంటాయి. అంత ఖరీదు సరుకును బూడిదలో పోయగలమా?

అందుకే చౌకైన నల్ల ఖనిజం ఇల్మెనైట్ వైపు చూశారు. ఇనుము, టైటానియం కలిసిన దీన్ని పొరుగునున్న నార్వేలో తవ్వుతారు. నికెలంత చురుకు లేదు, కొంత ఇంధనం మండకుండా మిగిలిపోతుంది. కానీ తిరిగేకొద్దీ రేణువుల్లో రంధ్రాలేర్పడి, చురుకు పెరుగుతుంది! విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉన్న 12 మెగావాట్ల బాయిలర్లో మామూలు ఇసుకకు బదులు దీన్ని వేసి చూశారు. అక్కడ గాలి, ఇంధనం ఒకే గదిలో ఉంటాయి. అయినా ఆక్సిజన్ సరిగా అందని మూలలకు రేణువులే దాన్ని మోసుకెళ్లాయి.

మేలైన రేణువు, అందుబాటులో ఉన్న రేణువు... ఈ రెంటి మధ్యే శాస్త్రవేత్తల పెనుగులాట. అన్నట్టు, మన భీమిలి తీరంలో అలలు మేటవేసే నల్ల ఇసుకలోనూ ఇల్మెనైట్ ఉంది. ఈసారి వెళ్లినప్పుడు పాదాలకంటిన ఆ రేణువుల్ని దులిపేసుకునే ముందు ఓసారి తేరిపార చూడండి!