గెలిచినవాళ్ళ జాతకాలు

జ్యోతిష్కుడి మీద వ్యాసం రాస్తే మన మిత్రులు వెంటనే మెచ్చుకుంటారు. అది తేలిక పని. ఆయన చేతిలో పంచాంగం ఉంటుంది, నుదుట బొట్టు ఉంటుంది, వీధి చివర నుంచే గుర్తుపట్టొచ్చు. కానీ కోటు వేసుకుని మైకు పట్టుకుని "సత్య నాదెళ్ళ ఏం చేశారో మీరూ అదే చెయ్యండి" అని ఉపన్యాసమిచ్చే పెద్దమనిషిని మనలో చాలామంది ఆ జాబితాలో చేర్చరు. నేను చేరుస్తాను. ఎందుకో చెబుతాను.

మా మేనల్లుడిది పలాస దగ్గర ఊరు. మెకానికల్ ఇంజనీరింగ్ పాసై రెండేళ్ళయింది, ఉద్యోగం లేదు. (మెకానికల్ వాడికి మెకానికల్ ఉద్యోగం రావాలంటే గ్రహాలన్నీ ఒకే వరసలోకి రావాలని వాడి జోకు.) మొదట మా చెల్లెలు సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన శని అన్నారు, పేరులో ఒక అక్షరం పెంచమన్నారు, ఐదువందల పదహార్లు పుచ్చుకున్నారు. నష్టం అంతటితో సరి. తర్వాత వాడంతట వాడే వైజాగ్‌లో ఏదో ఉచిత సెమినార్‌కి వెళ్ళాడు. ఆరు నెలల కృత్రిమ మేధ కోర్సు, ఫీజు రెండు లక్షల పైచిలుకు. బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఒక పుస్తకం పెట్టారు. ఇంజనీరింగులో, కృత్రిమ మేధలో, ఆధునిక తయారీరంగంలో శిఖరాలెక్కినవాళ్ళ కథలు, ఒక్కో కథ చివర మూడు పాఠాలు. వాడు రాత్రంతా చదివి తెల్లారగానే నాకు ఫోన్ చేశాడు.

"మావయ్యా, వీళ్ళందరిలో ఒకటే గుణం. రిస్క్ తీసుకున్నారు. మనకే ధైర్యం లేదు."

రిస్క్ అంటే ఏమిట్రా అని అడిగితే, 2018 తిత్లీ తుపానుకు పోగా మిగిలిన జీడితోట తాకట్టు పెట్టడమట!

నేనుండేది రాయపూర్ పక్కన సిల్తారాలో. బిలాస్‌పూర్ వెళ్ళే రోడ్డు పట్టుకుంటే పొగగొట్టాలే దారి చూపిస్తాయి. మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. నా పని స్పాంజ్ ఐరన్ కిల్న్ దగ్గర. పొడుగాటి ఉక్కు గొట్టం, లోపల ఇటుక కట్టు. కొంచెం వాలుగా పడుకోబెట్టి నిమిషానికి ఒక చుట్టు కూడా పూర్తికానంత నెమ్మదిగా తిప్పుతాం. ఒక చివర నుంచి ఇనుప ఖనిజం, బొగ్గు, డోలమైటు వేస్తాం. లోపల వేడి 1000 డిగ్రీల అటూ ఇటూ. ఖనిజం కరగదు. అందులోని ఆక్సిజన్ పోయి, బొరియలు బొరియలుగా ఇనుము మిగులుతుంది. అందుకే ఆ పేరు. దీనికున్న పెద్ద జబ్బు రింగు. అంటే లోపలి గోడకి కరుడు కట్టి దారి మూసుకుపోవడం. అప్పుడు కిల్న్ ఆపాలి, చల్లారాక మనుషులు లోపలికి దూరి పగలగొట్టాలి. ఆ దూరేవాళ్ళు కాంట్రాక్టు కూలీలు. వాళ్ళ కెరీర్ మీద ఎవరూ పుస్తకం వెయ్యరు లెండి.

కొన్నేళ్ళ క్రితం మా కిల్న్ ఒకటి వరసగా రెండుసార్లు ఇలా ఆగింది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీశారు, మళ్ళీ వెలిగించడానికి ముహూర్తం పెట్టించారు. ఆ తర్వాత కిల్న్ చక్కగా నడిచింది. "దేఖా రావ్ సాబ్?" అన్నారు. (ఛత్తీస్‌గఢ్‌లో తెలుగువాడు ఎవడైనా రావ్ సాబే.) గుమ్మడికాయను నమ్మనివాళ్ళ దగ్గర ఇంకో సిద్ధాంతం ఉంది: రాత్రి షిఫ్టు ఆపరేటర్ వేడి పెంచేశాడు. లాగ్‌బుక్‌లో అది రాసి ఉంది కూడా. రింగు కట్టిన రెండుసార్లూ అతను నిజంగానే పెంచాడు. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

కిల్న్ ఆగిన రోజుల పేజీలు అందరూ చూశారు. నేను ఆగని రోజులవి కూడా తిరగేశాను. అదే ఆపరేటర్ అదే వేడితో నెలల తరబడి నడిపిన పేజీలున్నాయి, రింగు లేదు. మారింది బొగ్గు. కొత్త లాట్ బూడిద తక్కువ వేడికే మెత్తబడి అంటుకునే రకం. ముహూర్తం నాటికి ఆ లాట్ అయిపోయింది, గుమ్మడికాయకు పేరొచ్చింది. ఆగిన పేజీలతోనే తీర్పు చెప్పి ఉంటే ఒక మనిషి ఉద్యోగం పోయేది.

మా వాడి చేతిలోని పుస్తకంలో ఉన్నవి ఒక రకం పేజీలే. రిస్క్ తీసుకుని గెలిచినవాళ్ళు అందులో ఉన్నారు. తోట తాకట్టు పెట్టి, పోగొట్టుకుని, ఇప్పుడు ఎక్కడో షాపులో లెక్కలు రాసుకుంటున్నవాడు లేడు. రిస్క్ తీసుకోకుండానే పైకొచ్చినవాళ్ళూ లేరు. సత్య నాదెళ్ళ గారు 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 22 ఏళ్ళు అక్కడే పనిచేసి, 2014లో అధిపతి అయ్యారు. ఒకే కంపెనీలో నెల జీతం మీద 22 ఏళ్ళు! మా నాన్న తరం దాన్ని స్థిరమైన ఉద్యోగం అనేది. పుస్తకం దాన్ని సాహసం అంది.

రాజ్ రెడ్డి గారి కథ ఇంకా ఆసక్తికరం. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు, గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి 1966లో డాక్టరేట్ తీసుకున్నారు. 1994లో ట్యూరింగ్ అవార్డు. పుస్తకం చెప్పే పాఠం: పట్టుదల. ఉంది, కాదనను. కానీ గిండీ ప్రభుత్వ కళాశాల అన్న సంగతి పాఠాల్లో లేదు. ఆయన గురువు జాన్ మెకార్తీయే "కృత్రిమ మేధ" అన్న మాట పుట్టించినవాడనీ, స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ శాఖ ఏర్పడింది 1965లోననీ, అంటే ఈయన తలుపు తెరిచిన క్షణంలో గుమ్మం దగ్గరున్నారనీ లేదు. ఆ గుమ్మం దాకా చేరడం ఆయన ప్రతిభ. తలుపు అప్పుడే తెరుచుకోవడం కాకతాళీయం. కాకతాళీయాన్ని ఒప్పుకుంటే తలరాతను ఒప్పుకున్నట్టేనని మన హేతువాదుల్లో కొందరు జంకుతారు. తలరాత ముందే రాసి ఉందంటారు. కాకతాళీయం ఎక్కడా రాసి ఉండదు. రెండూ ఒకటెలా అవుతాయి?

అంతెందుకు, పనిలో గెలిచినా కెరీర్ ఆగొచ్చు. మాటల్ని గుర్తించే యంత్రాల కోసం అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పా 1971లో ఐదేళ్ళ కార్యక్రమం మొదలుపెట్టింది. రాజ్ రెడ్డి గారి బృందం కార్నెగీ మెలన్‌లో చేసిన హార్పీ, 1976లో, వెయ్యి మాటల పదజాలంతో ఆ లక్ష్యాన్ని అందుకుంది. అయినా ఆర్పా ఆ నిధులు ఆపేసింది. ఇక జెఫ్రీ హింటన్ నాడీజాలాలనే పట్టుకుని దశాబ్దాలు కూర్చున్నాడు. 1990ల చివర్లో ఇలాంటి పుస్తకం వేసుంటే, ఎటూ పోని దారిలో మొండిగా పోయినవాడికి ఉదాహరణగా వేసేవాళ్ళేమో. 2018లో ట్యూరింగ్ అవార్డు, 2024లో నోబెల్ వచ్చాయి. మనిషి మొండితనం అదే. ఈలోగా కంప్యూటర్ల శక్తీ, డేటా పెరిగాయి.

ఏ కెరీర్ పుస్తకంలోనూ నాకు కనపడని కథ ఒకటి మనకి దగ్గర్లోనే ఉంది. ఖమ్మం జిల్లా పాల్వంచలో (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ అని ఒక ప్రభుత్వ సంస్థ 1975లో పెట్టారు, ఐక్యరాజ్యసమితి సాయంతో. బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తయారుచేసిన దేశంలో మొదటి కర్మాగారం అదే. 1980లో ఉత్పత్తి మొదలైంది, ఏడాదికి 30,000 టన్నుల సామర్థ్యం. కోక్ కి పనికిరాని మన బొగ్గుతో, మన ఖనిజంతో ఈ పని అవుతుందో లేదో తేల్చడానికే అది పెట్టింది. రింగు కడితే విప్పి, బొగ్గు మార్చి, మళ్ళీ వెలిగించి, అంకెలు రాసుకుని తేల్చారు. సిల్తారాలో ఇవాళ తిరిగే కిల్న్‌లు ఆ దారిన వచ్చినవే. పాల్వంచ సంస్థను 2010లో ఎన్‌ఎండీసీలో కలిపేశారు. అక్కడ పనిచేసిన ఇంజనీర్లలో ఒక్కరి పేరైనా మా షిఫ్టులో ఎవరికీ తెలీదు. అదృశ్యంగా ఉన్నంత మాత్రాన అది చిన్న కెరీర్ అయిపోతుందా?

ఈ మధ్య మా దగ్గరికి కృత్రిమ మేధ అమ్మేవాళ్ళూ వచ్చారు. కిల్న్ పొడుగునా ఉన్న థర్మోకపుల్స్ అంకెలు చదివి, రింగు కట్టబోతోందని ముందే హెచ్చరించే సాఫ్ట్‌వేర్. నేను రెండే అడిగాను. ఎన్నిసార్లు హెచ్చరించాక రింగు రాలేదు? ఎన్నిసార్లు హెచ్చరించకుండానే వచ్చింది? ఆ కుర్రాడు నసగలేదు, బ్యాగులోంచి కాగితం తీశాడు. రెండు గడుల్లోనూ అంకెలున్నాయి, చెప్పుకోదగ్గవే. అయినా అతనికి టీ తెప్పించాను. తప్పులు లెక్కపెట్టుకుని తిరిగే అమ్మకందారు రోజూ దొరకడు.

అదే ప్రశ్న కోర్సు వాళ్ళని అడగమని మా వాడికి చెప్పాను: "మీ దగ్గర చేరినవాళ్ళెందరు, వాళ్ళలో ఉద్యోగం రానివాళ్ళెందరు?" అడిగాడు. "ఇలాంటి నెగటివ్ ఆలోచనలున్నవాళ్ళకి ఏదీ రాదు" అన్నారట. సిద్ధాంతి గారైతే దీన్నే భక్తి చాలలేదు అనేవారు.

వాడు ఇంకా ఏదీ తేల్చుకోలేదు. తోట కాగితాలు మా చెల్లెలి బీరువాలోనే ఉన్నాయి. ప్రస్తుతం వాడు ఒక నోటుపుస్తకం పెట్టి, తన క్లాసులోని అరవైమందికీ వరసగా ఫోన్లు చేస్తున్నాడు: ఏ కోర్సు చేశావు, ఎంత కట్టావు, ఇప్పుడేం చేస్తున్నావు? మొన్నటికి నలభై ఒక్క మంది అయ్యారు. పన్నెండుమంది ఫోనెత్తడం లేదనీ, వాళ్ళని వదిలేస్తాననీ అన్నాడు. వాళ్ళ ఊళ్ళు రాసుకోమన్నాను. ముందు వాళ్ళనే పట్టుకోవాలి.